అక్కల్‌కోట రోడ్డు పక్కన పన్నెండంతస్తులు: శాంపిల్ ఫ్లాట్ చూసొచ్చాక నా మాట

ఐదుకు రెండున్నర. ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే మా షోలాపూర్‌లో నాకు తెలిసిన ప్రతి తెలుగు ఇంట్లో ఇప్పుడు ఇదే అడుగుతున్నారు, "చూసొచ్చినవట గదా, ఎట్లుంది, పైసలు కట్టాల్నా వద్దా" అని. అక్కల్‌కోట రోడ్డు వైపు పాత కార్ఖానా పడగొట్టిన జాగాలో పన్నెండంతస్తుల బిల్డింగులు రెండు కడతారట, ఫ్లాట్లు ఎక్కువగా తక్కువ ఆదాయం వాళ్లకేనట, ఆవాస్ యోజన సబ్సిడీ కూడా వస్తుందట. ఇంకా పునాది తవ్వలేదు. రేకుల ఆఫీసు, దాని వెనక శాంపిల్ ఫ్లాట్, రోడ్డు మీదికి పెద్ద బోర్డు, అంతే ఉన్నాయి. కంపెనీ పేరు రాయను. నేను రెండు ఆదివారాలు పోయాను. మొదటిసారి నేనూ మా ఆయనా, రెండోసారి మా అత్తమ్మను, పక్కింటి కాకాను కూడా తీసుకుని.

మా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను దేన్ని ఎందుకు పట్టుకుని అడిగానో అర్థం కాదు. దత్తనగర్ వైపు రెండు గదుల కిరాయి ఇల్లు మాది. మా ఆయన పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తాడు, వారం పగలు, వారం రాత్రి. నేను ఇంట్లోనే మిషన్ మీద స్కూల్ యూనిఫాంలు కుడతాను, కత్తిరించిన గుడ్డ మూటలు ఇంటికి పంపిస్తారు, కుట్టి ఇస్తే డజనుకింత అని లెక్క. అత్తమ్మ పెళ్లయి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి బీడీలు చేస్తుంది. ఆయనకు రాత్రి షిఫ్ట్ ఉన్న వారం పగలంతా పడుకోవాలి, అదే పగలు నా మిషన్ నడవాలి, గడప దగ్గర అత్తమ్మ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, సాయంత్రానికి పిల్లలకు పుస్తకాలు తెరిచే చోటు కావాలి. మా ఇంటి ఖర్చుకు వచ్చే పైసల్లో సగం ఆ రెండు గదుల్లోనే పుడతాయి. షోలాపూర్‌లో మాలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి, కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో తాతల కాలంలో మగ్గం పని కోసం వచ్చినవాళ్లం, మూడు తరాలైనా కిరాయి ఇళ్లలోనే.

ఆఫీసులో మర్యాదకు ఏ లోటూ లేదు. చల్లటి నీళ్లిచ్చారు, కూర్చోబెట్టారు, తెలుగు మాట్లాడే అమ్మాయిని పిలిచి మా పక్కన కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి వాళ్లమ్మ కూడా బీడీలే చేస్తుందట, ఓపికగా చెప్పింది, తెలియనిది తెలియదు అంది, ఆ ఒక్క పిల్ల కోసమే నేను ఒక మార్కు ఎక్కువ వేశాను. శాంపిల్ ఫ్లాట్ చూడ్డానికి చాలా బాగుంది. ఒక హాలు, ఒక బెడ్‌రూం, వంటగది గట్టు, లెట్రిన్ వేరు, స్నానాల గది వేరు. తలుపులు గట్టివి, టైల్స్ మంచివి. మా చాళ్‌లో, అంటే వరసగా గదులుండే కిరాయి ఇళ్లలో, పదకొండు కుటుంబాలకు మూడు లెట్రిన్లు, పొద్దున ఆడపిల్లలు బకెట్ పట్టుకుని లైన్‌లో నిలబడతారు. కాబట్టి ఆ లెట్రిన్ తలుపు తెరిచి చూసి మా పెద్దమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

కానీ రెండోసారి అత్తమ్మ చేసిన పని చూడండి. ఆమె హాల్లోకి వచ్చి గోడలూ టైల్సూ చూడలేదు. నేరుగా కిటికీ దగ్గరికి పోయి కింద కూర్చుని కాళ్లు చాపింది. ఆఫీసు పిల్లగాడు పరుగున కుర్చీ తెచ్చాడు. "కుర్చీ వద్దు బిడ్డా, వెలుతురు ఏడికెల్లి వస్తదో చూస్తున్న" అంది. తర్వాత ఒక్కొక్కటీ అడిగింది. తునికాకు ఎక్కడ నానబెట్టాలి, నానిన ఆకు తడి గోనెలో చుట్టి ఎక్కడ పెట్టాలి, తంబాకు దుమ్ము వంట మీద పడకుండా ఎట్లా, కత్తిరించిన ఆకు చెత్త పన్నెండంతస్తుల కింద ఎక్కడ పారెయ్యాలి, బీడీ కంపెనీ బ్రాంచికి పోయి ఆకు, తంబాకు తెచ్చుకునే రోజు లిఫ్ట్ నడవకపోతే ఆ మూట ఎవరు మోయాలి. ఆ అమ్మాయి రాసుకుంది, కానీ దేనికీ జవాబు లేదు. శాంపిల్ ఫ్లాట్‌లో సోఫా ఉంది, టీవీ ఉంది, పిల్లలకు రెండంతస్తుల మంచం ఉంది. ఈ ఊళ్లో ఎవరి కోసమైతే ఈ ఇళ్లు కడుతున్నామంటున్నారో వాళ్ల ఇళ్లలో ఉండే చాట లేదు, కుట్టు మిషన్ లేదు, గుడ్డ మూటలు లేవు. ఆ మూడూ పెడితే సోఫా పట్టదు, అది ఎవరికైనా కనిపిస్తుంది.

ఇంకొక మాట, గోడల గురించి. అల్యూమినియం అచ్చులు పెట్టి కాంక్రీట్ పోసి గోడలు లేపుతారట, ఇటుక ఉండదట. పని తొందరగా అవుతుంది, గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ గోడకు సుత్తితో మేకు దిగదు, డ్రిల్లే కావాలి, గోడ తీసి చోటు పెంచుకుందామన్నా కుదరదు, ఎందుకంటే బరువు మోసేది ఆ గోడలే. మన ఇళ్లలో గోడకు ఎన్ని తగిలిస్తామో తెలుసు కదా. పైగా ఎండాకాలం ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలు, పడమటి వైపు కాంక్రీట్ గోడ రాత్రి పదైనా వేడి విడవదు. రాత్రి షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకునే మనిషికి అది చిన్న సంగతి కాదు.

కొలత గురించి కూడా రాయాలి. బోర్డు మీద ఒక అంకె ఉంది, అది బయటి గోడలు, మెట్లు, వరండా అన్నీ కలిపిన లెక్క. మా ఆయన టేపు తీసి కొలిచాడు, లోపలి నేల 320 చదరపు అడుగుల చిల్లర వచ్చింది. అది సరైనదే, ఆవాస్ యోజనలో అట్టడుగు ఆదాయం వాళ్లకు కనీసం 30 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, అంటే దాదాపు 323 అడుగులు. రెరా, అంటే ఇళ్లు కట్టి అమ్మే కంపెనీల మీద ఉన్న చట్టం, దాని ప్రకారం కార్పెట్ అంటే లోపల వాడుకునే నేల, లోపలి అడ్డగోడలు కలుస్తాయి, బయటి గోడలు, బాల్కనీ కలవవు. కాబట్టి ఎవరైనా పోతే బోర్డు మీది అంకె చూడొద్దు, కార్పెట్ ఎంత అని అడగండి, అదే కాగితం మీద రాయించుకోండి.

ఇక మా వాడలో జనం ఏమంటున్నారో చెప్తాను, అసలు టెన్షన్ అంతా అక్కడే ఉంది. మొన్న గుడి దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నారు, నలభై మందికి పైనే వచ్చారు. ఆ జాగా వెనక లైన్‌లో సొంత ఇళ్లున్నవాళ్లు మొదట మాట్లాడారు. నీళ్లు రావు, రోడ్డు పట్టదు, మా మిద్దెల మీద నీడ పడుతుంది, పైనుంచి మా వాకిళ్లు కనిపిస్తాయి. ఇవన్నీ సరే, అడగాల్సినవే. కానీ ఒకాయన, పేరు రాయను, ఆయన తల్లి కూడా బీడీలు చేసి ఆయన్ను చదివించింది, "బీడీలోళ్లు, కార్ఖానోళ్లు అంతమంది ఒక్కచోటికి వస్తే మన ప్లాట్ల ధర పడిపోతది" అన్నాడు. నాకు అక్కడ నోట మాట రాలేదు. ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాను. ఆ జాగా పక్కనే కార్ఖానాలు ఉన్నప్పుడు రాత్రంతా మగ్గాల చప్పుడు భరించారు, ఆ మగ్గాలు నడిపినవాళ్లు వచ్చి పక్కన ఉంటామంటే మాత్రం ధర పడిపోతుందా. నేను ఈ బిల్డింగులో తప్పులు చెప్తున్నాను, ఇంకా చెప్తాను, కానీ ఆయన మాటకు బలం ఇవ్వడానికి కాదు. ఇళ్లు రావాలి, ఊరి లోపలే రావాలి, పనికి పోయే దూరంలో రావాలి.

కిరాయికి ఉన్నవాళ్లు దాదాపు అందరూ కట్టనివ్వండి అన్నారు. పదకొండు నెలల అగ్రిమెంట్, ప్రతిసారీ కిరాయి పెంచుడు, తంబాకు వాసన అని ఇల్లు ఖాళీ చేయించుడు, ఇవి పడ్డవాళ్లకు పన్నెండో అంతస్తైనా సొంతమంటే సొంతమే. బ్యాంకులో ఉద్యోగం చేసే కుర్రాడు, మా లైన్‌లో పుట్టినవాడే, ఒక మంచి మాట చెప్పాడు, జాగా ఖరీదు ఇంత పెరిగాక ఊరి లోపల తక్కువ ధరకు ఇల్లు కావాలంటే పైకి పోవాల్సిందే, నేల మీద పరుచుకుని కట్టాలంటే ఊరి బయటికి పోవాలి అని. ఆ మాట నిజం. మా ఆడబిడ్డ వాళ్లది రాయ్‌నగర్‌లో ఇల్లు, అందుకే నాకు రెండు వైపులా తెలుసు.

రాయ్‌నగర్ సంగతి తెలియనివాళ్లకు చెప్తున్నా. ఊరి బయట కుంభారీ దగ్గర బీడీ, మగ్గం, చెత్త ఏరుకునే పని, ఇట్లాంటి కార్మికులకు 30 వేల ఇళ్ల కాలనీ అది. 2019 జనవరిలో ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు, 2024 జనవరి 19న వచ్చి 15 వేల ఇళ్లు అప్పగించారు. దానికంటే ముందు అక్కడే గోదుతాయి పరుళేకర్ పేరు మీద బీడీ ఆడవాళ్లకు 10 వేల ఇళ్లు కట్టారు, 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా ఇచ్చారు. రెండింటి వెనకా మన తెలుగు మనిషి, మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం, అందరూ ఆడం మాస్టర్ అంటారు, ఆయన వెంట ఏళ్ల తరబడి మోర్చాల్లో నడిచిన ఆడవాళ్లున్నారు. మా అత్తమ్మ కూడా రెండుసార్లు పోయింది. అందుకే షోలాపూర్‌లో పేదవాళ్ల ఇల్లు అంటే ఎవరో దయతలచి ఇచ్చింది అని మా వాళ్లు అనుకోరు, అడిగి తీసుకున్నది అనుకుంటారు. ఈ కొత్త బిల్డింగు ఆఫీసులో కూడా అట్లాగే నిలబడి అడిగారు.

రాయ్‌నగర్‌లో బిల్డింగులు గ్రౌండ్ ప్లస్ రెండే. లిఫ్ట్ లేదు, లిఫ్ట్ ఖర్చూ లేదు. ఆడబిడ్డ కిందనే చెట్టు నీడన నలుగురితో కూర్చుని బీడీలు చేస్తుంది, మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంది, పిల్లలు కళ్ల ముందే ఆడుతారు. ఇల్లు ఆమె పేరు మీద ఉంది. కానీ మా అన్నయ్య, ఆమె భర్త, కార్ఖానాకు రావాలంటే దూరం, షిఫ్ట్ రాత్రి పన్నెండుకు దిగితే ఆటోకు ఇచ్చేది పగార్‌లోంచి పోతుంది. "వదినా, ఇల్లు మంచిగున్నది, కానీ అందరి పని ఊర్లనే ఉన్నది" అని నాతో అంది. అక్కల్‌కోట రోడ్డు జాగాకు ఆ కష్టం లేదు, మా ఆయన సైకిల్ మీద పది నిమిషాల్లో పోతాడు. నా రెండున్నరలో ఒక మార్కు మొత్తం ఆ జాగాదే.

నీళ్ల గురించి ఎవరైనా ఏమైనా చెప్పండి, నాకు భయమే. 2016లో స్మార్ట్ సిటీ మొదటి జాబితాలో 20 ఊళ్లలో మన ఊరు వచ్చింది, అయినా నల్లా నాలుగైదు రోజులకోసారి వస్తుంది, ఉజనీ డ్యాం నుంచి అంత దూరం పైపుల్లో రావాలి కదా. కింద డ్రమ్ములు నింపుకునే మేము ఎట్లాగో గడుపుతాం. పన్నెండంతస్తుల ట్యాంకుకు ఎక్కించాలంటే కింద పెద్ద సంపు, మోటారు, కరెంటు, జనరేటర్. సంపు ఎన్ని రోజుల నీళ్లు పట్టేంత కడతారు అని అడిగితే ఒక రోజుకు సరిపడా అన్నారు. నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చే ఊళ్లో ఒక రోజు సంపు అంటే మిగతా మూడు రోజులు ట్యాంకరే, ఆ ట్యాంకర్ బిల్లు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. మెయింటెనెన్స్ ఇప్పుడు చెప్పింది నెలకు 1,500. లిఫ్ట్ రిపేరు, మోటారు కరెంటు, వాచ్‌మన్, అన్నీ దాంట్లోనేనట. రెండేళ్లకు అది ఎంత అవుతుందో రాసివ్వమంటే రాసివ్వలేదు. బ్యాంక్ హప్తా మనకు ముందే తెలుస్తుంది, ఇది తెలియదు. హప్తా కట్టి ఇది కట్టలేని రోజు లిఫ్ట్ ఆగుతుంది, లిఫ్ట్ ఆగితే అత్తమ్మ తొమ్మిదో అంతస్తులోనే ఉండిపోతుంది.

లిఫ్ట్ అంటే గుర్తొచ్చింది, కాకా ఒక్కటే అడిగాడు, ఆఫీసులో అందరూ ఒక్కసారి నిశ్శబ్దమయ్యారు. "మనిషి పోతే ఎట్ల దించుతరు?" పాడె ఆ లిఫ్ట్‌లో పట్టదు, మెట్లేమో సన్నం, మలుపు తిరగదు. ఒక లిఫ్ట్ అయినా స్ట్రెచర్ పట్టేది పెట్టండి, పేషెంట్‌కూ పనికొస్తుంది అన్నాడు. మేనేజర్ ఆలోచిస్తామన్నాడు. పెద్దవాళ్లున్న ప్రతి ఇల్లు ఈ ప్రశ్న అడగాలి, అడగడానికి మొహమాటపడొద్దు.

నిప్పు సంగతి ఇంకా పెద్దది. 2025 మేలో ఇదే అక్కల్‌కోట రోడ్డు ఎంఐడీసీలో, అంటే సర్కారు పారిశ్రామిక వాడలో, టవల్ కార్ఖానాకు నిప్పంటుకుని ఎనిమిది మంది పోయారు, పసిపిల్లవాడు కూడా, గంటల తరబడి మంటలు ఆరలేదు. ఆ రోజు పొగ మా మిద్దె మీద నుంచి చూశాం. అందుకే మీటింగ్‌లో ఆడవాళ్లు మొదట అడిగింది అదే. జాతీయ బిల్డింగ్ కోడ్ లెక్కలో 15 మీటర్లు దాటితే చాలు హైరైజ్, అంటే ఎత్తైన బిల్డింగు, 24 మీటర్లు దాటిన చోట మంటలప్పుడు జనం ఆగి నిలబడటానికి ఖాళీ చోటు వదలాలి. పన్నెండంతస్తులంటే 35 మీటర్లు దాటుతుంది. ప్లాన్‌లో ఆ చోటు ఉంది, చూపించారు, అది మెచ్చుకోవాలి. కానీ ఇంట్లో ఎండిన ఆకు, గుడ్డ మూటలు ఉండే జనం ఉంటారని ఆ ప్లాన్ గీసినవాళ్లకు తెలుసా అని నేనడిగాను. తెలియదని వాళ్ల మొహమే చెప్పింది.

ఇక్కడే నాకు బుకింగ్ ఫారం కనిపించింది. వెనక పేజీలో మరాఠీలో చిన్న అక్షరాల్లో ఒక లైను, ఫ్లాట్‌ను నివాసానికి మాత్రమే వాడాలి, ఏ వ్యాపారమూ పనీ చేయరాదు. మా ఆయనతో రెండుసార్లు చదివించాను. మరి బీడీలు చేసుకోవచ్చా, మిషన్ కుట్టుకోవచ్చా అంటే మేనేజర్ "చిన్న చిన్నవి ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. ఇప్పుడు ఎవరూ చూడరు. రేపు సొసైటీ కమిటీ ఏర్పడితే, పై ఫ్లాట్‌లో ఉన్నాయనకు తంబాకు వాసన నచ్చకపోతే, మిషన్ చప్పుడుకు పిల్లాడు లేస్తే, అదే లైను తీసుకొచ్చి ముందు పెడతారు. ఇప్పుడు కిరాయి ఇంట్లో ఓనర్ అన్న మాటే అప్పుడు సొంత ఇంట్లో పడాల్సి వస్తుంది. ఈ ఇల్లు మాకోసమే అని బోర్డు మీద రాసి, మా బతుకుదెరువు ఇంట్లో చేసుకోవద్దని ఫారంలో రాస్తే ఎట్లా. ఒకటిన్నర మార్కు దీనికే కోశాను.

మిగతా ఒక మార్కు టోకెన్‌కు పోయింది. పేరు రాయించుకోవడానికి 11,000 అడిగారు. బోర్డు మీద రెరా నంబర్ లేదు, క్యూఆర్ కోడ్ లేదు. అడిగితే అర్జీ పెట్టాం, వస్తుంది అన్నారు. 2016 చట్టం చాలా స్పష్టంగా ఉంది, రిజిస్ట్రేషన్ కాకుండా ప్రకటన వేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. మహారాష్ట్రలో 2023 ఆగస్టు నుంచి ప్రకటన మీద క్యూఆర్ కోడ్ కూడా తప్పనిసరి, ఫోన్‌తో స్కాన్ చేస్తే ప్రాజెక్ట్ కాగితాలన్నీ కనిపిస్తాయి. ఇంకొకటి, రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో పదో వంతు కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఇవి మా వాడలో చాలామందికి తెలియదు, ఇప్పటికే కొందరు బీసీ, అంటే చీటీ, ఎత్తుకున్న పైసలు తెచ్చి ఇచ్చారని విన్నాను. ఇచ్చినవాళ్లు కనీసం రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి.

సబ్సిడీ గురించి కూడా అడిగి తెలుసుకోండి, ఎందుకంటే మాకు దగ్గర దగ్గర తప్పిపోయేది. కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష. కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా కుటుంబం పేరు మీద పక్కా ఇల్లు ఉండకూడదు. మా మామయ్య పేరు మీద సిరిసిల్ల దగ్గర ఊళ్లో పాత ఇల్లుంది, దసరాకు పోతాం. దానివల్ల మాకు రాదేమో అని వారం రోజులు నిద్రలేదు. పథకంలో కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు, తండ్రి పేరు మీది ఇల్లు కొడుకు లెక్కలోకి రాదు. తెలంగాణలో ఇట్లా పెద్దల ఇల్లున్న కుటుంబాలు మా దగ్గర చాలా ఉన్నాయి, ఊరికే భయపడి వెనక్కి తగ్గొద్దు. కానీ గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ పథకంలోనైనా ఇల్లు తీసుకున్నవాళ్లకు కొత్త పథకంలో మళ్లీ రాదు.

రెండో ఆదివారం మేం లేచే ముందు కాకా ప్లాన్ కాగితం అడిగి తీసుకుని, పార్కింగ్ కోసం వదిలిన నేల అంతస్తులో తూర్పు మూల చూపించాడు. మనోళ్లలో కార్లెవరికి ఉన్నాయి, ఈ మూల మాకు హాలు కట్టివ్వండి, పెద్ద కిటికీలు, రెండు నల్లాలు, నిప్పు అంటితే బయటికి రెండు దారులు, బీడీలు చేసేవాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు పగలంతా అక్కడ కూర్చుంటారు, బతుకమ్మకు అక్కడే ఆడుకుంటారు, అని. ఆకు, గుడ్డ పై అంతస్తులకు పోవు, చెత్త కిందే ఉంటుంది, రాత్రి షిఫ్ట్ మనుషులు ఇంట్లో ప్రశాంతంగా పడుకుంటారు. అక్కడున్న కుర్ర ఇంజనీర్ చాలాసేపు చూసి, జేబులోంచి పెన్సిల్ తీసి, ఆ మూలలో ఒక చతురస్రం గీసి, లోపల మరాఠీలో 'కామాచీ ఖోలీ', అంటే పని గది, అని రాశాడు. ఆ జిరాక్స్ ఇప్పుడు కాకా ఇంట్లో దేవుడి పటం వెనక ఉంది. మంజూరైన ప్లాన్‌లో అదే చతురస్రం ముద్రతో వచ్చి, ఫారంలో ఆ లైను పోయిన రోజు నేను ఇక్కడికొచ్చి ఐదుకు నాలుగు అని మారుస్తాను, రెరా నంబర్ కూడా వచ్చాక టోకెన్ కడతాను. అత్తమ్మ మాత్రం ఆ కాగితాన్ని రెండుసార్లు అడిగి తెప్పించుకుని చూసింది, కిటికీ ఏ వైపు పెట్టారో అని.